డాష్‌బోర్డు వెనక బెర్త్ బ్రాకెట్

మా త్యాగరాజు మావయ్యకి కదిలే వస్తువంటే చిరాకు. మేదినీపూర్ దగ్గర, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్లో ఆయన బిగించిన అలమర తలుపు తియ్యాలంటే అత్తయ్యా నేనూ కలిసి లాగాలి. పెరట్లో ఒక స్టూలు ఉండేది. దాని కాళ్ళు ఊగుతున్నాయని పట్టీ మీద పట్టీ వేసి, చివరికి ఎవరూ ఎత్తలేనంత బరువు చేశాడు. అది వానకీ ఎండకీ అక్కడే ఉండిపోయింది. రైల్వే వర్క్‌షాపులో బోగీల డ్రాయింగ్ ఆఫీసులో ఆయన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. పై బెర్తుల్ని గోడకి పట్టి ఉంచే బ్రాకెట్లు, సామాను రాకులు, కిటికీ చట్రాలు, జీవితమంతా ఇవే గీశాడు. ఒకడు పడుకోవలసిన పై బెర్తు మీద నలుగురు కూర్చుంటారు, కిందినుంచి ఇంకొకడు దాన్ని పట్టుకుని వేలాడతాడు, అయినా అది ఊడకూడదు. ఈ ఒక్క సూత్రం మీదే ఆయన బతుకంతా నడిచింది. వంగిన ఇనుమంటే ఆయన దృష్టిలో తప్పు చేసిన ఇనుము.

నేను ఆయన అక్క కూతుర్ని. అమ్మ పోయాక వాళ్ళింట్లోనే పెరిగి, అక్కడి తెలుగు బడిలో టీచరునయ్యాను. సత్యవాణి అన్న పేరు నాకెవరు పెట్టారో గానీ, నోరు మాత్రం దానికి తగ్గట్టే ఉందని కాలనీలో అంటారు. కాబట్టి ఉన్నమాట ముందే చెబుతాను. మావయ్య మంచివాడు, కానీ పొగడ్తకి పడిపోయే మనిషి. ఆయన చేసినదాన్ని నాలుగు మాటలు మెచ్చుకుంటే ఆ పూటకి భోజనం కూడా అడగడు.

ఎనభైల మధ్యలో వరాహనరసింహంగారు ఒక పాత కారు కొన్నారు. ఆయన పార్సిలాఫీసులో హెడ్ క్లర్కు, మావయ్యకి చిన్ననాటి స్నేహితుడు. మేదినీపూర్‌లో ఒక డాక్టరు వాడి వాడి వదిలించుకున్న కారది. అంతవరకూ కాలనీలో మా తెలుగువాళ్ళ అమ్మవారి గుడికి రిక్షాయే వాహనం. కారు వచ్చినప్పట్నుంచీ అది సగం ఆయనది, సగం గుడిది అయింది. పూజారి శంకరనారాయణ శాస్త్రిగారిని వ్రతానికి తీసుకెళ్ళాలన్నా, గృహప్రవేశానికి తీసుకెళ్ళాలన్నా అదే. ముందు సీట్లో శాస్త్రిగారు, వెనక సీట్లో పీటలూ కొబ్బరికాయలూ.

ఆ కారుకి ఉన్న జబ్బల్లా డాష్‌బోర్డు. దాన్ని వెనకనుంచి పట్టి ఉంచే సన్నపాటి రేకు పట్టీల్ని తుప్పు తినేసింది. గోల్‌బజారు దాటేసరికి టకటక మొదలై, హిజ్లీ చేరేదాకా ఆగేది కాదు. స్టీరింగు కూడా చేతిలో ఊగేది. బెంగాలీ మెకానిక్ దాదా ఒకాయన చూసి, పాత పట్టీల్లాంటివే కొత్తవి వేస్తే చాలన్నాడు. ఆ మాట మావయ్యకి అవమానంగా తోచింది. అంత సన్నటి రేకుతో అంత వెడల్పు బోర్డుని ఎవడు నిలబెడతాడురా అని వరాహనరసింహంగారి మీద ఎగిరి, కొలతలు తీసుకుని, ఇంటికొచ్చి హాల్లో బల్ల మీద కాగితం పరిచాడు.

ఆయన గీసినది ఇదీ. ఈ తలుపు పక్కనుంచి ఆ తలుపు పక్కదాకా డాష్‌బోర్డు వెనక అడ్డంగా ఒక లావుపాటి ఇనపగొట్టం. స్టీరింగు దానికి బిగిస్తారు. ఆ గొట్టంనుంచి కిందికి నాలుగు చేతులు దిగి బోర్డు కింది అంచుని పట్టుకుంటాయి. ఆ చేతులకి బెర్త్ బ్రాకెట్ నమూనానే తీసుకున్నాడు, కాస్త చిన్నది చేసి. వంగకుండా ప్రతి చేతి మూలకీ మూడుమూలల దళసరి రేకు ఒకటి అతికించమన్నాడు. తాల్‌బగీచాలో ఒక వెల్డరు దగ్గర దగ్గరుండి చేయించాడు.

మావయ్య సెక్షన్లో ఒక అలవాటుండేది. బ్రాకెట్ బిగించాక, గీసినవాడే బెర్తు ఎక్కి గెంతి చూపించాలి. కార్లో గెంతడానికి చోటు లేదు కాబట్టి ముందు సీట్లో కూర్చుని డాష్‌బోర్డుని మోకాలితో బలంగా తన్నాడు. అది ఉలకలేదు, పలకలేదు. తర్వాత వరాహనరసింహంగారి చేత తన్నించాడు, నా చేత తన్నించాడు. శాస్త్రిగారు పంచె సర్దుకుని మొహమాటంగా మోకాలు ఆనించి, రాయిలాగుంది త్యాగరాజూ అన్నారు. ఆ రోజు మావయ్య అన్నం తినకుండానే పడుకున్నాడు.

ఆ మరుసటేడు వానాకాలంలో, దేబ్రాలో వ్రతం చేయించి వస్తుంటే, బొంబాయి రోడ్డనే హైవే మీద ఆగి ఉన్న లారీ వెనక్కి కారు గుద్దుకుంది. వరాహనరసింహంగారికి పక్కటెముకలు కమిలాయి. శాస్త్రిగారు సీట్లోంచి ముందుకి జారిపోయి, కుడి మోకాలు డాష్‌బోర్డు కింది అంచుకి కొట్టుకుంది. మోకాలిచిప్ప ముక్కలైంది. రైల్వే ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నారు. లేచి నడిచారు గానీ, ఆ కాలు మళ్ళీ మడత పడలేదు.

పూజారి కింద కూర్చోలేకపోతే ఏమవుతుందో అప్పుడు చూశాం. గుడిలో ఆయన కోసం కుర్చీ వేశారు. అమ్మవారి ముందు తాను ఎత్తులో కూర్చోవడమా అని ఆయన చాలా రోజులు అందులో కూర్చోలేదు, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడే అర్చన చేశారు. ఇళ్ళలో వ్రతాలకి పిలిచినవాళ్ళు ఆయన బాధ చూడలేక మంటపాన్ని కిందనుంచి తీసి టేబుల్ మీద పెట్టడం మొదలెట్టారు. అలా ట్రాఫిక్‌లో సత్యనారాయణస్వామి టేబులెక్కాడు. బంధువులు ఊళ్ళనుంచి వచ్చి అదేమిటని నవ్వితే మాకు కోపం వచ్చేది.

అయితే కారుని లాక్కొచ్చినప్పుడు చూసినవాళ్ళందరూ అన్న మాట ఒకటే. ముందు భాగమంతా నుజ్జయిపోయినా డాష్‌బోర్డు మాత్రం పెట్టిన చోటే ఉంది, త్యాగరాజు బ్రాకెట్ లేకపోతే ఇంజను వచ్చి వీళ్ళ ఒళ్ళో కూర్చునేదని. శాస్త్రిగారు అది నమ్మారు. అప్పట్నుంచీ ఏ ఇంట్లో వ్రతమైనా, కథ మొదలెట్టేముందు కుర్చీలో సర్దుకుంటూ, అమ్మవారు మోకాలు తీసుకుని ప్రాణం ఇచ్చింది, ఇప్పించినవాడు మా త్యాగరాజు అని చెప్పేవారు. మావయ్య అక్కడుంటే లేచి నమస్కారం పెట్టి, గొట్టం ఎంత లావో, మూల రేకు ఎందుకు వేశాడో వివరించేవాడు. నేను ఆ ఉపన్యాసం ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. అత్తయ్య లలితాంబ అయితే మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అలా ఆరేడేళ్ళు ఆ పొగడ్త తిని బతికాడు.

తొంభైల మొదట్లో హిజ్లీలో ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తున్న మురళీ అనే కుర్రాడు మా ఇంటికి రావడం మొదలెట్టాడు. తెనాలివాడు. హాస్టల్ తిండి పడక, ఆదివారం పూట సైకిలేసుకుని అత్తయ్య చేతి పప్పుచారు కోసం వచ్చేవాడు. ఒకరోజు నీ పరిశోధన దేనిమీద బాబూ అని మావయ్య అడిగితే, కారు డాష్‌బోర్డు వెనక ఉండే సపోర్టుల మీదండీ అన్నాడు. మావయ్య మొహం వెలిగిపోయింది. విస్తరి ముందునుంచి లేచి, ఎంగిలి చేత్తోనే గోడ మీద గీస్తూ తన బ్రాకెట్ కథంతా చెప్పాడు. గొట్టం, చేతులు, మూల రేకు, లారీ, అన్నీ.

మురళీ శ్రద్ధగా విన్నాడు. అడ్డగొట్టం వెయ్యడం సరైన పనే అన్నాడు, ఇప్పుడు పెద్ద కంపెనీలు కూడా అలాగే చేస్తున్నాయన్నాడు. తర్వాత, ముందు సీట్లో కూర్చున్నాయనకి దెబ్బ ఎక్కడ తగిలిందండీ అని మామూలుగా అడిగాడు. మోకాలికి అన్నాడు మావయ్య. ఆ కుర్రాడు పప్పుచారు కలుపుకోవడం ఆపేశాడు. మాట మార్చబోయాడు. మావయ్య వదలలేదు.

“గొట్టం గట్టిగా ఉండాలండీ. స్టీరింగు ఊగకూడదు కాబట్టి,” అన్నాడు మురళీ తలెత్తకుండా. “మోకాలికి ఎదురుగా ఉండే చేతులు మాత్రం దెబ్బకి నలగాలి. మనం వాటికి కావాలనే చీలికలు పెడతాం. రేకు నలిగితే మోకాలు నలగదని.”

మావయ్య నమ్మలేదు. నమ్మకపోగా కోపమొచ్చింది. తాల్‌బగీచా వెల్డరు దగ్గరికి వెళ్ళి సరిగ్గా అలాంటి చెయ్యే ఇంకొకటి చేయించి, నన్ను వెంటబెట్టుకుని క్యాంపస్‌కి తీసుకెళ్ళాడు. మురళీ లేబొరేటరీలో ఒక చట్రానికి బరువు కట్టిన చెక్క మోకాలు వేలాడుతోంది. దాన్ని వెనక్కి లాగి వదిలితే వచ్చి బ్రాకెట్‌కి తగులుతుంది. ముందు తన చీలికల బ్రాకెట్ పెట్టి వదిలాడు. అది అట్టపెట్టెలా ముడుచుకుపోయింది, చెక్క మోకాలికి గీత కూడా పడలేదు. తర్వాత మావయ్యది పెట్టాడు. వద్దులెండి మాస్టారూ అని ఒకసారి అన్నాడు. వదలమన్నాడు మావయ్య. బ్రాకెట్ ఉన్నచోట ఉన్నట్టే ఉంది. చెక్క మోకాలు నిలువునా చీలింది.

మావయ్య చీలిన చెక్కని చేత్తో తడిమి చూసి, తన బ్రాకెట్ విప్పించి సంచిలో వేసుకున్నాడు. క్యాంపస్ రోడ్డు మీద సైకిళ్ళ మధ్యనుంచి నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, ఆయనకి రాలేదు. మెకానిక్ దాదా చెప్పినట్టు సన్నపట్టీలు వేసుంటే, అని ఒక్క మాట అని ఆపేశాడు. ఇంటికి వచ్చాక ఈ సంగతి బయట ఎక్కడా అనకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా నోటి మీద ఆయనకున్న నమ్మకం అంతే.

అప్పట్నుంచీ మావయ్య గుడిలో వెనక స్తంభం దగ్గర నిలబడేవాడు. వ్రతాలకి పిలిస్తే ఒంట్లో బాగాలేదనేవాడు. తప్పక వెళ్ళిన చోట, శాస్త్రిగారు కుర్చీలో సర్దుకుంటూ ఆ కథ మొదలెట్టగానే ఈయన మెడ వంచుకుని చాప మీద పోచలు లాగుతూ కూర్చునేవాడు. మునుపు శాస్త్రిగారిని కుర్చీలోంచి లేపడానికి అందరికంటే ముందు పరిగెత్తేవాడు, ఇప్పుడు ఆ వేళకి చెప్పులు వెతుక్కునేవాడు. త్యాగరాజుకి ఎంత వినయమో చూడండని జనం ఇంకా పొగిడారు. పొగిడినకొద్దీ ఆయన కుంచించుకుపోయాడు. వెళ్ళి చెప్పెయ్ మావయ్యా అని నేను చాలాసార్లు అన్నాను. చెప్తానే, చెప్తాను అనేవాడు. చెప్పేవాడు కాదు. నాకు జాలికంటే విసుగే ఎక్కువగా ఉండేది.

ఇంతలో వరాహనరసింహంగారు రిటైరయ్యి ఇంకో కారు కొన్నారు. ఇదీ పాతదే. తెచ్చి గుడి ముందు ఆపి, శాస్త్రిగార్ని ఎక్కమంటే ఆయన ఎక్కలేదు. త్యాగరాజు బ్రాకెట్ వేసేదాకా నేను ముందు సీట్లో కూచోనన్నారు. లారీ నాటి భయం ఆయనకి పోలేదు. వరాహనరసింహంగారు తిన్నగా మా ఇంటికి వచ్చి, అచ్చం పాతదానిలాంటిదే చెయ్యాలని చెప్పి వెళ్ళిపోయారు.

మావయ్య ఒప్పుకున్నాడు గానీ పాతది చెయ్యలేదు. మురళీని కూర్చోబెట్టుకుని, వాడు చెప్పినట్టల్లా గీశాడు. గొట్టం లావుదే. చేతులకి సన్న రేకు, దానికి చీలికలు, మధ్యలో ఒక చిన్న వంపు. వంగడానికి వీలుగా ఒక వస్తువుని గియ్యడం ఆయనకి అదే మొదలు. పెన్సిలు పట్టుకుని ఎంతోసేపు అలాగే కూర్చున్నాడు. నోరు మూసుకుని ఈ కొత్తది బిగించేస్తే తప్పు దిద్దుకున్నట్టే, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని ఆయన లెక్క. నాతో అనలేదు గానీ నాకు తెలుసు.

బిగించిన రోజు సాయంత్రం గుడి సంఘంవాళ్ళు నలుగురూ గుడి ముందు చేరారు. పాత అలవాటు ప్రకారం వరాహనరసింహంగారు ముందు సీట్లో కూర్చుని మోకాలితో గట్టిగా తన్నారు. డాష్‌బోర్డు కింది అంచు కిర్రుమని లోపలికి సొట్టపడింది. ఆయన దిగి, మళ్ళీ వంగి చూసి, అందరి ముందూ అన్నారు.

“ఇదేటిరా త్యాగరాజూ, బిస్కట్ డబ్బా రేకు పెట్టినావు. నీ చెయ్యి పడిపోనాదా ఏటి?”

మావయ్య తల వంచుకున్నాడు. జీవితంలో ఆయన పనిని అలా అన్నవాళ్ళు లేరు. నలుగురూ నవ్వారు. కుర్చీలో కూర్చున్న శాస్త్రిగారు మాత్రం నవ్వలేదు. పెద్దవాడవుతున్నాడు, పోనీలెండి అన్నారు. ఆ మాట కూడా మావయ్య భరించాడు. దానితో అయిపోయి ఉంటే ఆయన చేతగానివాడన్న పేరు మోసుకుంటూ హాయిగా బతికేసేవాడు. కానీ వరాహనరసింహంగారు పాత కారు సామాను పారెయ్యలేదట. ఆ పాత గొట్టమూ బ్రాకెట్లూ ఆయన షెడ్డులో భద్రంగా ఉన్నాయి. శాస్త్రిగారి ప్రాణం నిలబెట్టిన ఇనుము కదా, ఎలా పారేస్తారు. పొద్దున్నే వెల్డరు దగ్గరికి తీసుకెళ్ళి వాటినే ఈ కారుకి బిగించేస్తానన్నారు. శాస్త్రిగారు, అదే మంచిదన్నారు.

అందరూ వెళ్ళిపోయారు. మావయ్య కారు పక్కనే నిలబడ్డాడు. మళ్ళీ అదే మోకాలి ముందు అదే బ్రాకెట్. మిగిలిన ఆ రెండో మోకాలు కూడా దాని ముందే ఉంటుంది. ఇప్పుడు నోరు విప్పకపోతే నీతో మాట్లాడను అన్నాను. ఆయన నా మొహం చూడకుండా, నువ్వు కూడా రా అన్నాడు.

శాస్త్రిగారు గుడి మంటపంలో కుర్చీలోనే ఉన్నారు. కుడికాలు కర్రలా ముందుకి చాచి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని సాయంత్రం దీపాలకి ఒత్తులు చేసుకుంటున్నారు. మావయ్య ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు. ఎలా మొదలెట్టాలో తెలియక, మొదట మురళీ సంగతి చెప్పాడు, తర్వాత చెక్క మోకాలు సంగతి చెప్పాడు.

“ఆ మోకాలు విరగ్గొట్టింది లారీ కాదు శాస్త్రిగారూ. నేను పెట్టిన బ్రాకెట్టే. అది వంగాల్సింది. వంగకుండా నేనే చేసినాను. నాకు తెలిసి ఏడాది దాటిపోనాది. మీరు పొగుడుతుంటే విన్నాను. సెప్పలేదు.”

శాస్త్రిగారి వేళ్ళు ఒత్తి మీద ఆగిపోయాయి. ఆయన కోప్పడతారని నేను అనుకున్నాను, కోప్పడితే బాగుండునని మావయ్య అనుకున్నట్టున్నాడు. శాస్త్రిగారు చాచి ఉన్న తన కాలిని ఒకసారి చూసుకున్నారు. పాత ఇనుము బిగించొద్దని నరసింహానికి తానే చెబుతానన్నారు. ఎందుకని అడిగితే అమ్మవారికి ఇష్టం లేదని చెబుతానన్నారు. అమ్మవారి పేరు మీద ఆయన అబద్ధమాడటం నేనెప్పుడూ వినలేదు. మావయ్య ఆ మాటకి చేతులు జోడించబోతే, ఆయన ఆపారు.

“దణ్ణాలు తరవాత. నాకొక్కటి సెప్పు. ఇన్నేళ్ళూ ఈ కుర్చీ ఎక్కినప్పుడల్లా, మోకాలు తీసుకుని ప్రాణం ఇచ్చేవు తల్లీ అనుకుని ఎక్కినాను. అది అనుకునే అమ్మవారి ముందు ఎత్తులో కూచున్నాను. రేపు ఏటి అనుకుని ఎక్కమంటావు?”

శాస్త్రిగారు జవాబు కోసం ఆగారు, మర్యాదగా, అవతలివాడికి వీలిచ్చినట్టు. తర్వాత పళ్ళెం నా చేతికిచ్చి, లేపు త్యాగరాజూ, దీపాల వేళయింది అన్నారు. మావయ్య లేచి ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు. వంగని కాలు నేలకి ఆనేదాకా ఆయన బరువంతా మావయ్య మీదే ఉంది. శాస్త్రిగారు ఆయన భుజం పట్టుకుని గర్భగుడి గడపదాకా నడిచారు, అక్కడ చెయ్యి తీసేసి గోడ పట్టుకున్నారు.

ఇంటికి వచ్చి మావయ్య కంచం ముందు కూర్చున్నాడు. అత్తయ్య వడ్డించి ఎదురుగా కూర్చుని, చెప్పేశారా అని అడిగింది. ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే కాదు. మావయ్య తలూపాడు. పోనీ, ఇప్పుడు మనసు కుదుటపడిందా అంది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

“ఇన్నాళ్ళూ నాకు సిగ్గుగా ఉందనుకున్నాను లలితా. అది దొరికిపోతానేమోనన్న భయం. సిగ్గేసింది ఇవాళే.”